పాత క్యాంపర్ వ్యాన్‌లో కొత్త ఎలక్ట్రానిక్స్: ఎంతవరకు పెట్టాలి, ఎలా పెట్టాలి

మన దగ్గర లారీ అయినా కారైనా నల్ల వైరు కనిపిస్తే ఎర్త్ అనుకుంటాం. ఆ అలవాటుతోనే, లోపలే వండుకుని పడుకునేలా ఉన్న మా 1984 వోక్స్‌వ్యాగన్ క్యాంపర్‌లో కొత్త స్టీరియో బిగిస్తూ, దాని ఎర్త్‌ని డ్యాష్‌బోర్డు వెనక ఉన్న ఒక నల్ల వైరుకు కలిపాను. తాళం తిప్పగానే సన్నగా పొగ, కాలిన ప్లాస్టిక్ వాసన. ఈ జర్మన్ బండ్లలో ఎర్త్ గోధుమ రంగు వైరు. నల్లది తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరు. స్టీరియో డబ్బా యాంటెనా కేబుల్ ద్వారా అప్పటికే బాడీకి తగిలి ఉంది కాబట్టి నేను చేసింది నేరుగా షార్ట్. ఆ లైనుకు ఫ్యూజ్ కూడా లేదు, ఎందుకంటే అది ఇంజిన్ ఇగ్నిషన్‌కి వెళ్లే లైను. పాటల కోసం తెచ్చిన పెట్టె వల్ల బండే కదలకుండా పోయింది.

అప్పటి నుంచి, పాత క్యాంపర్ కొన్నవాళ్లు "సింపుల్‌గా ఉంచాలా, లేక సోలార్, లిథియం బ్యాటరీ, స్క్రీన్లు అన్నీ పెట్టాలా" అని అడిగితే ఒకటే చెబుతున్నాను. బండిని నడిపించే వైరింగ్ వేరు, అందులో మనం తిని పడుకోవడానికి కావలసిన వైరింగ్ వేరు. మొదటిదాన్ని బాగుచేయడానికి తప్ప ముట్టుకోకండి. రెండోదాన్ని మీ అవసరం కొద్దీ పెట్టుకోండి, కానీ అది పూర్తిగా విడిగా ఉండాలి, ఒక్క స్విచ్ తిప్పితే మొత్తం ఆగిపోవాలి. ఇక వరసగా ఎలా చేయాలో చూద్దాం. నేను చెప్పేది అమెరికాలో వానగన్ పేరుతో 1980 నుంచి 1991 దాకా అమ్మిన వోక్స్‌వ్యాగన్ వెస్ట్‌ఫాలియా క్యాంపర్ గురించి, ఎందుకంటే నాకు చేతితో తెలిసిన బండి అదే. వేరే పాత బండ్లకు కూడా చాలావరకు ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు రెండు ట్రిప్పులు, ఉన్నది ఉన్నట్టుగా

బండి ఇంటికి రాగానే ఏమీ కొనకండి. బ్రేకులు, టైర్లు, పెట్రోలు పైపులు మాత్రం చూపించండి. పెట్రోలు పైపుల మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. ఈ బండ్లలో ఇంజిన్ వెనక ఉంటుంది. దాని దగ్గరి రబ్బరు పైపులు ఏళ్లు గడిచేకొద్దీ బీటలు వారతాయి, పెట్రోలు వేడి ఇంజిన్ మీద కారితే బండి తగలబడుతుంది. సోలార్ ప్యానెల్ కంటే ముందు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ.

తర్వాత ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని రెండు ట్రిప్పులు తిరిగిరండి. రాత్రి ఏది లేక ఇబ్బంది పడ్డారో అక్కడికక్కడే రాయండి. మా నోటుబుక్కులో మూడే తేలాయి: పుస్తకం చదువుకోవడానికి సరిపడా వెలుతురు, ఫోన్ చార్జింగ్, వేసవి రాత్రి ఒక ఫ్యాను. కొనాలని ముందే జాబితా రాసుకున్న ఇన్వర్టర్, పెద్ద స్క్రీను, రిమోట్‌తో వెలిగే లైట్లు ఆ రెండు ట్రిప్పుల్లో ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

ఎర్త్, ఎర్త్, మళ్లీ ఎర్త్

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు వైరింగ్ పని చేశాడు. స్టీరియో కాలిపోయిన రాత్రి వీడియో కాల్‌లో చూపిస్తే ఆయన ఒకటే మాట అన్నాడు: "ఒరేయ్ నాన్నా, పాత బండిలో సగం రోగాలు ఎర్త్‌లోనే ఉంటాయి. ముందు అది చూడు, కొత్తవి తర్వాత." ఈ భాగం మొత్తం ఆయన నేర్పిందే.

ఒక మామూలు మల్టీమీటర్, వైరులో కరెంటు ఉందో లేదో చూపే టెస్ట్ లాంప్ ఒకటి కొనండి. బండి కనీసం నాలుగైదు గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ వోల్టేజి చూడండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 నుంచి 12.7 చూపిస్తుంది. 12.2 అంటే సగం అయిపోయినట్టు. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమో (ఆల్టర్నేటర్) చార్జింగ్ చేస్తోందని అర్థం.

తర్వాత ముఖ్యమైన పరీక్ష. మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండో కొన ఇంజిన్ బ్లాక్ మీద శుభ్రమైన లోహానికి ఆనించండి. వానగన్‌లో బ్యాటరీ ముందు సీటు కింద, ఇంజిన్ వెనక ఉంటాయి కాబట్టి పొడుగాటి వైరు ఒకటి కావాలి. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆ క్షణంలో మీటరు 0.2 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టే. మా బండిలో 0.9 వచ్చింది. గేర్‌బాక్సు నుంచి ఛాసిస్‌కి వెళ్లే జడలాంటి ఎర్త్ పట్టీ విప్పి చూస్తే, బోల్టు కింద పచ్చటి పొడి, లోపలి రాగి తీగలు సగం తెగిపోయి ఉన్నాయి. పట్టీ మార్చి, బోల్టు కింద లోహం మెరిసేదాకా వైర్ బ్రష్‌తో రుద్ది బిగిస్తే 0.15కి వచ్చింది. అంతకుముందు వరకు నేను బ్యాటరీ చెడిపోయిందనే అనుకుంటూ ఉన్నాను.

ఇలాగే బ్యాటరీ పట్టీలు, డ్యాష్‌బోర్డు వెనక గోధుమ రంగు వైర్లన్నీ కలిసే చోటు, వెనక లైట్ల ఎర్త్ ఒక్కొక్కటీ విప్పి, రుద్ది, బిగించండి. ఒక శనివారం పడుతుంది. ఫ్యూజ్‌లన్నీ తీసి క్లిప్పులు శుభ్రం చేయండి.

జర్మన్ బండి అయితే వైరు రంగుతో పాటు అంకె కూడా నేర్చుకోండి. రిలేల (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్‌ల) మీద, మామూలు స్విచ్‌ల మీద చిన్న అంకెలు ఉంటాయి. 30 అంటే ఎప్పుడూ కరెంటు ఉండేది, సాధారణంగా ఎర్ర వైరు. 15 అంటే తాళం తిప్పితే వచ్చేది, నల్ల వైరు. 31 అంటే ఎర్త్, గోధుమ రంగు. 50 అంటే సెల్ఫ్‌కి వెళ్లేది. ఈ నాలుగు తెలిస్తే సగం భయం పోతుంది. అయినా రంగును నమ్మి వైరు కలపకండి, టెస్ట్ లాంప్ పెట్టి చూశాకే కలపండి. నలభై ఏళ్లలో ఎవరెవరు ఏ రంగు వైరు అతికారో మనకు తెలియదు.

బండి వైరింగ్‌లో కొత్తది పెట్టడం మంచిదే అనిపించేవి రెండు ఉన్నాయి, రెండూ రిలేలే. ఒకటి సెల్ఫ్‌కి. తాళం దగ్గరి నుంచి వెనక సెల్ఫ్ మోటారు దాకా వైరు చాలా పొడుగు. ఇంజిన్ బాగా వేడెక్కాక తాళం తిప్పితే టక్కుమని శబ్దం వచ్చి ఆగిపోయే జబ్బు ఈ బండ్లలో మామూలే. సెల్ఫ్ దగ్గర ఒక రిలే పెడితే తాళం మీద భారం తగ్గి సరిగ్గా తిరుగుతుంది. రెండోది హెడ్‌లైట్లకు. లైట్ల కరెంటు మొత్తం పాత స్విచ్ లోంచే వెళుతుంది కాబట్టి స్విచ్ వేడెక్కుతుంది, వెలుతురు మసకగా వస్తుంది. రిలే పెట్టాక అవే బల్బులు తెల్లగా వెలిగాయి. అంతకు మించి ఇంజిన్ వైపు వెళ్లకండి.

కాగితం మీద ఆంపియర్ల లెక్క

ఏ వస్తువైనా కొనే ముందు అది రోజుకు ఎంత కరెంటు తింటుందో రాయండి. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు, దాన్ని గంటలతో గుణిస్తే ఆంపియర్ అవర్లు. అంతే లెక్క.

మా ఇంటి లెక్క ఇది. మూడు వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు, నాలుగు గంటలు: 2 ఆంపియర్ అవర్లు. రెండు ఫోన్లు: రెండున్నర. చిన్న 12 వోల్టుల ఫ్యాను రాత్రంతా తక్కువ స్పీడులో: 8. మొత్తం 13 దాటదు. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంతకంటే కిందికి దించుతూ పోతే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. సగం అనుకున్నా, బండి కదపకుండా మూడు రోజులు నిశ్చింతగా ఉండొచ్చు.

ఇప్పుడు దీనికి రైస్ కుక్కర్ కలపండి. 500 వాట్ల కుక్కర్ అరగంట నడిస్తే ఇన్వర్టర్‌లో పోయేదాంతో కలిపి 23, 24 ఆంపియర్ అవర్లు. మిగతావన్నీ కలిపి రోజంతా తినేదానికి దాదాపు రెట్టింపు, ఒక్క పూట అన్నానికి. పైగా ఆ అరగంటా బ్యాటరీ నుంచి 45 ఆంపియర్లకు పైగా లాగుతుంది కాబట్టి వైరు లావు, ఫ్యూజ్, ఇన్వర్టర్ అన్నీ పెద్దవి కావాలి. ఒక్క కుక్కర్ కోసం బండి మొత్తం వైరింగ్ మారిపోతుంది.

పక్కనే గ్యాస్ పొయ్యి ఉంది. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ దానిమీద చక్కగా కూర్చుంటుంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో టువాలమీ మెడోస్ దగ్గర ఆగినప్పుడు ఇది ఇంకా బాగా అర్థమైంది. అక్కడ ఎత్తు 2,600 మీటర్లు, నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో ఎంతసేపు ఉంచినా అన్నం పలుకుగానే మిగిలింది, కందిపప్పు సంగతి చెప్పక్కర్లేదు. ప్రెషర్ కుక్కర్‌లో నాలుగు విజిల్స్‌కి పప్పు మెత్తగా ఉడికింది. మిక్సీ కూడా అంతే. చట్నీ రుబ్బడానికి ఇన్వర్టర్ మోసే బదులు కందిపొడి, కారప్పొడి, ఆవకాయ సీసాలు తీసుకెళ్లండి. రోజూ ల్యాప్‌టాప్ మీద ఉద్యోగం చేస్తూ తిరిగేవాళ్ల లెక్క వేరు. వాళ్లు ఒక్కో చార్జింగ్‌కి 5, 6 ఆంపియర్ అవర్లు కలుపుకోవాలి, అది న్యాయమైన అవసరమే.

ఫ్రిజ్ దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. వెస్ట్‌ఫాలియాలో వచ్చిన పాత ఫ్రిజ్ గ్యాస్ మంటతో చల్లబడుతుంది, తిరిగే భాగాలు లేవు, చప్పుడు లేదు, గ్యాస్ మీద ఉన్నప్పుడు కరెంటు అక్కర్లేదు. కానీ బండి సమంగా నిలబడాలి, మండు వేసవిలో సరిగ్గా చల్లబడదు. బండి నడుస్తున్నప్పుడు, బంకులో ఆగినప్పుడు మంట ఉండకూడదు. 12 వోల్టుల మీద నడిపితే గంటకు ఏడు ఆంపియర్ అవర్లకు తక్కువ కాకుండా తింటుంది, ఇంజిన్ ఆపి అలా వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. కొత్త కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు 30 నుంచి 40 ఆంపియర్ అవర్లు తిన్నా పాలు, పెరుగు పాడవకుండా చూస్తుంది. చిన్నపిల్లలు ఉంటే, వారాల తరబడి తిరిగేవాళ్లయితే కంప్రెసర్ ఫ్రిజ్‌కే నా ఓటు. ఎప్పుడో వారాంతాల్లో వెళ్లేవాళ్లకు మంచి ఐస్ పెట్టె చాలు.

రెండో బ్యాటరీ

మీ రోజు లెక్క 15 ఆంపియర్ అవర్ల లోపు ఉంటే బండి వైర్లు అసలు ముట్టుకోకుండా ఒక పోర్టబుల్ పవర్ స్టేషన్ కొనండి. బ్యాటరీ, చార్జర్, సాకెట్లు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. 500 వాట్ అవర్ల పెట్టె అంటే దాదాపు 40 ఆంపియర్ అవర్లు. ఇంట్లో నింపుకుని బయలుదేరొచ్చు, చెడిపోతే బండికి ఏమీ కాదు, అవసరం లేనప్పుడు ఇంట్లో కరెంటు పోయినా పనికొస్తుంది. చాలామందికి ఇదే సరైన దారి అని నా నమ్మకం.

అంతకు మించి కావాలంటే రెండో బ్యాటరీ పెట్టండి. వానగన్‌లో అసలు బ్యాటరీ ప్యాసింజర్ సీటు కింద ఉంటే, డ్రైవర్ సీటు కింద రెండోదానికి చోటు ఉంది. రెండు బ్యాటరీలనూ నేరుగా కలపొద్దు. లిథియం పెడుతుంటే అస్సలు వద్దు. లిథియం బ్యాటరీ ఇచ్చినంత కరెంటూ మింగేస్తుంది. మా పాత ఆల్టర్నేటర్ గరిష్ఠంగా ఇచ్చేదే 65 ఆంపియర్లు. దాన్ని గంటల తరబడి పూర్తి భారం మీద ఉంచితే వేడెక్కి కాలిపోతుంది. మధ్యలో 20 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జర్ పెడితే అది లాగేది 20 దగ్గరే ఆగుతుంది, ఇంజిన్ ఆపగానే తెగిపోతుంది. పొద్దున అసలు బ్యాటరీ నిండుగా ఉంటుంది, సెల్ఫ్ తిరుగుతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం తేలిక, దాదాపు మొత్తం వాడుకోవచ్చు. కానీ సున్నా డిగ్రీల కంటే చలిలో దాన్ని చార్జ్ చేస్తే లోపల పాడవుతుంది. కొండల్లో అక్టోబరు రాత్రులకే ఆ చలి వస్తుంది. చలికి చార్జింగ్ తనంతట తాను ఆపుకునే రక్షణ ఉన్నదే కొనండి. ఇంకో సంగతి: లెడ్ యాసిడ్‌లా వోల్టేజి చూసి ఇందులో ఎంత మిగిలిందో చెప్పలేం, చివరిదాకా 13 దగ్గరే నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి వెళ్లిన, వచ్చిన ఆంపియర్లను లెక్కపెట్టే షంట్ మీటరు తప్పనిసరి. నేను మాత్రం ఏజీఎం అనే సీలు చేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీతో ఉండిపోయాను. బరువెక్కువే, కానీ మా 13 ఆంపియర్ అవర్లకు అది ఎక్కువే.

వైరు లాగేటప్పుడు

ఫ్యూజ్ ఉన్నది వస్తువును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. అందుకే అది బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. వస్తువు దగ్గర ఫ్యూజ్ పెట్టి, బ్యాటరీ నుంచి అక్కడిదాకా వైరును అలాగే వదిలేస్తే, మధ్యలో ఎక్కడ రేకుకు రాసుకుని తెగినా మంటే. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 15 ఆంపియర్లు మించిన ఫ్యూజ్ వేయకండి. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది వేస్తే వైరే ఫ్యూజ్ అవుతుంది.

రేకులో రంధ్రం లోంచి వైరు తీస్తే రబ్బరు గ్రోమెట్ పెట్టండి. వైరును కోయకుండా మీద నొక్కి కలిపే చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు వాడకండి, కొన్నాళ్లకు లోపల తుప్పు పట్టి లూజ్ కాంటాక్ట్ వస్తుంది. మంచి క్రింపింగ్ ప్లయర్ కొని, వైరు కొనకు లగ్ (లోహపు చివర) నొక్కి, గట్టిగా లాగి చూడండి. చేతితో లాగితే ఊడిందంటే రోడ్డు మీద ఎలాగూ ఊడుతుంది. తిని పడుకునే వైపు వైరింగ్ ఎర్త్‌లన్నీ బాడీకి ఎక్కడపడితే అక్కడ బిగించకుండా, ఒకే పట్టీకి తెచ్చి రెండో బ్యాటరీ నెగెటివ్‌కి కలపండి. పాజిటివ్‌లో ఫ్యూజ్ తర్వాత చేతితో తిప్పే పెద్ద స్విచ్ ఒకటి పెట్టండి. బండి పార్క్ చేసి వెళ్లేటప్పుడు అది తిప్పేస్తే చాలు.

ఏవి తప్పవు, ఏవి వద్దు

ఎంత సింపుల్‌గా ఉంచుకునేవాళ్లయినా కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం పెట్టాల్సిందే. గ్యాస్ పొయ్యి, గ్యాస్ ఫ్రిజ్ ఉన్న చిన్న గదిలో పడుకుంటున్నాం. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. సొంత బ్యాటరీతో నడిచేది కొని, పడుకున్నప్పుడు ముఖం ఉండే ఎత్తులో బిగించండి. గ్యాస్ లీకు పసిగట్టే అలారం మాత్రం నేలకు దగ్గరగా ఉండాలి, ప్రొపేన్ గాలి కంటే బరువు కాబట్టి కిందికి దిగుతుంది. చలికి పొయ్యి వెలిగించుకుని పడుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వంట చేసేటప్పుడు కిటికీ తీసి ఉంచండి. పక్క తలుపు దగ్గర చేతికందేలా మంటలార్పే సిలిండర్ ఒకటి ఉండాలి.

ఫోన్‌తో లైట్లు, పంపు, ఫ్యాను అన్నీ ఆడించే కంట్రోల్ బోర్డులు మాత్రం వద్దు. లైటుకు ఒక స్విచ్, ఒక ఫ్యూజ్ ఉంటే అది వెలగనప్పుడు చూడాల్సినవి మూడే: బల్బు, స్విచ్, ఫ్యూజ్. బోర్డు చెడితే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి, దాన్ని రోడ్డు పక్కన ఎవరూ బాగుచేయలేరు. డ్యాష్‌బోర్డు కోసి స్క్రీను పెట్టొద్దు. మ్యాపు కోసం ఫోన్ స్టాండు చాలు. కోసిన డ్యాష్‌బోర్డును మళ్లీ తేలేం.

సోలార్ విషయం క్లుప్తంగా. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 25 నుంచి 30 ఆంపియర్ అవర్లు ఇస్తుంది, చిన్న లెక్కలకు సరిపోతుంది. పైకప్పు ఎత్తే బండిలో ప్యానెల్ బిగిస్తే కప్పు బరువెక్కి ఎత్తడం కష్టమవుతుంది. పైగా ప్యానెల్‌కు ఎండ కావాలి, మనకు నీడ కావాలి. మడతపెట్టే ప్యానెల్ అయితే బండి చెట్టు కింద, ప్యానెల్ ఎండలో పెట్టుకోవచ్చు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత వ్యాన్‌ని క్యాంపర్‌గా మార్చాలనుకునేవాళ్లకు ఒక్క మాట. వైరింగ్ పద్ధతులన్నీ అక్కడా ఇవే. కానీ సీట్లు తీసి, బాడీ మార్చే ముందు ఏది అనుమతిస్తారో ఆర్టీఓలో కనుక్కోండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు.

బొమ్మ గీసి తలుపుకు అంటించండి

పని అయిపోయిన రోజే, మరిచిపోకముందే, ఒక కాగితం మీద బ్యాటరీ నుంచి ప్రతి వైరూ ఎటు వెళుతుందో గీయండి. ఏ ఫ్యూజ్ దేనికి, ఎన్ని ఆంపియర్లు, వైరు ఏ రంగు అన్నీ రాయండి. ప్రతి వైరు రెండు కొనలకూ పేరు రాసిన టేపు చుట్టండి. సంచీలో ప్రతి రకం ఫ్యూజులు నాలుగేసి, రెండు రిలేలు, కొంత వైరు, లగ్‌లు, టెస్ట్ లాంప్, ఒక గేర్‌బాక్సు ఎర్త్ పట్టీ ఉంచండి.

మా బొమ్మ గిన్నెల అర తలుపు లోపల అంటించి ఉంది. పోయిన వేసవిలో కాలిఫోర్నియాలోని లోన్ పైన్ ఊరి దగ్గర రాత్రి రెండింటికి ఫ్యాను ఆగిపోయింది. నేను లేచేసరికే పన్నెండేళ్ల మా అమ్మాయి టార్చి పట్టుకుని ఆ కాగితం చూస్తోంది. "నాన్నా, నాలుగో ఫ్యూజ్, ఐదు ఆంపియర్లది" అంది. సంచీ తీసి ఇచ్చాను. తనే మార్చింది, ఫ్యాను తిరిగింది, మళ్లీ పడుకున్నాం.